రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్: రెండేళ్లు వాడాక నా మాట

"31వ రెఫరెన్సును జర్నల్ వెనక్కి తీసుకుంది. రచయితలు చూసుకున్నారా?"

మా పేపర్ మీద ఒక రివ్యూయర్ రాసిన ఈ రెండు ముక్కలే, జర్నల్స్ వెనక్కి తీసుకున్న (రిట్రాక్ట్ చేసిన) పేపర్లను నమోదు చేసే ఈ డేటాబేస్ దాకా నన్ను తీసుకెళ్లాయి. 62 ట్రయల్స్ ఫలితాలను కలిపి లెక్కగట్టిన సమీక్ష మాది. ఆ 31వ పేపర్ నేను స్వయంగా చదివి, పట్టికల్లోంచి అంకెలు ఎత్తి రాసుకున్నదే. కాకపోతే దాని పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసుకుని అప్పటికి నాలుగేళ్లయింది. జర్నల్ సైట్‌లో చూస్తే ప్రతి పేజీ మీదా ఏటవాలుగా 'రిట్రాక్టెడ్' అని ఎర్ర ముద్ర ఉంది. నా కంప్యూటర్‌లోని కాపీ మాత్రం అచ్చయిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. రివ్యూయర్ పేరు మాకు తెలియదు, ఎడిటర్ ద్వారానే కృతజ్ఞతలు చెప్పుకున్నాను. పీర్ రివ్యూ (అచ్చుకు ముందు అదే రంగం వాళ్లు చేసే పరిశీలన) అంటే ఏమిటో నాకు అర్థం చేయించిన మనిషి. ఆ రాత్రే కూర్చుని మిగతా 61 పేపర్ల డీఓఐలూ (ప్రతి పేపర్‌కూ ఇచ్చే గుర్తింపు సంఖ్యలు) ఒక్కొక్కటిగా ఇందులో వెతికాను.

ఐవన్ ఓరాన్‌స్కీ, ఆడమ్ మార్కస్ అనే ఇద్దరు పాత్రికేయులు 2010లో రిట్రాక్షన్ వాచ్ అనే బ్లాగు మొదలుపెట్టారు. డేటాబేస్ 2018లో వచ్చింది. 2023లో డీఓఐలను నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ దాన్ని కొని అందరికీ ఉచితంగా తెరిచిపెట్టింది. వెబ్‌లో వెతుక్కోవచ్చు, కావాలంటే మొత్తం సీఎస్‌వీ ఫైలుగా దించుకోవచ్చు.

నాకు దీనిలో అన్నిటికన్నా విలువైనది 'కారణం' అన్న గడి. మా 31వ పేపర్ ఎదురుగా రెండు కారణాలున్నాయి: డేటా మీద అనుమానాలు, అడిగితే అసలు డేటా ఇవ్వకపోవడం. అచ్చయిన తేదీ, వెనక్కి తీసుకున్న తేదీ పక్కపక్కనే ఉన్నాయి, మధ్యలో ఐదేళ్లు. ఆ ఐదేళ్లలో దాన్ని నమ్మి లెక్కలు కట్టిన మాలాంటి వాళ్లు ఎందరో! అదే గడిలో ఇంకొందరి పేర్ల ఎదురుగా 'విశ్లేషణలో పొరపాటు' అని కనిపిస్తుంది. తమ తప్పు తామే పట్టుకుని, తామే జర్నల్‌కు రాసి వెనక్కి తీసుకున్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు. వాళ్లనూ, అంకెలు కల్పించినవాళ్లనూ ఒకే గాటన కట్టడం అన్యాయం. రిట్రాక్షన్ అంటే శిక్ష కాదు, రికార్డు సరిచేయడం. ఆ తేడా చూపిస్తుంది కాబట్టే ఈ జాబితా మీద నాకు గౌరవం.

ఒక్క పేపర్ తేడాతో ఏమవుతుంది అనేవాళ్లకు నేను చెప్పేది జోఆకిమ్ బోల్ట్ సంగతి. మత్తు వైద్యంలో పేరు మోసిన ఈ జర్మన్ డాక్టరువి 200కు పైగా పేపర్లు రిట్రాక్ట్ అయ్యాయి. ఐసీయూ రోగులకు ఎక్కించే హైడ్రాక్సీఇథైల్ స్టార్చ్ ద్రవం మీద 2013లో జామా జర్నల్‌లో ఒక సమీక్ష వచ్చింది. 38 ట్రయల్స్ కలిపి చూస్తే మరణాల్లో తేడా స్పష్టంగా తేలలేదు. బోల్ట్ చేసిన 7 ట్రయల్స్ పక్కన పెట్టాక తేలింది: ఆ ద్రవం ఎక్కించిన వాళ్లలో మరణాలు ఎక్కువ. మంచం మీద పడుకున్న మనిషికి ఏ సీసా తగిలించాలన్నది ఇలాంటి లెక్కల మీదే ఆధారపడుతుంది.

'నకిలీ పీర్ రివ్యూ' అన్న కారణం మొదటిసారి చూసినప్పుడు నమ్మలేకపోయాను. ఎవరిచేత పరిశీలన చేయించాలో రచయితనే సూచించమనే జర్నల్స్ ఉన్నాయి. కొందరు వేరేవాళ్ల పేర్లు ఇచ్చి, ఈమెయిల్ మాత్రం తమ చేతిలో ఉన్నది ఇస్తారు. తమ పేపర్‌ను తామే మెచ్చుకుంటారు. 2014లో సేజ్ అనే ప్రచురణ సంస్థ ఒకే జర్నల్ నుంచి ఇలాంటి 60 పేపర్లను తీసేసింది. 2023లో ప్రపంచవ్యాప్తంగా 10,000కు పైగా రిట్రాక్ట్ అయితే, అందులో 8,000కు పైగా హిందావి అనే ప్రచురణ సంస్థ జర్నల్స్‌వే.

ఇక లోపాలు. వెతికే తెర పాతకాలపుది, గడులు ఎక్కువ, పేరుతో వెతికితే ఒకే పేరున్నవాళ్లంతా కలిసిపోతారు. డీఓఐతో వెతకడమే మేలు. అసలు ఇబ్బంది వేరే ఉంది: జర్నల్ నోరు విప్పితేనే ఇందులో ఎంట్రీ పడుతుంది. ఎవరు వెనక్కి తీసుకుంటున్నారో, ఎందుకో నోటీసులో చెప్పాలనీ, దాన్ని ఎవరైనా ఉచితంగా చదవగలగాలనీ ప్రచురణ నైతికతను చూసే కోప్ అనే సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయినా 'రచయితల కోరిక మేరకు' అన్న ఒక్క ముక్కతో వదిలేసిన నోటీసులు ఇక్కడ ఎన్నో కనబడతాయి. ఒక పేపర్‌లో ఒకే సూక్ష్మదర్శిని చిత్రాన్ని తిప్పి, రెండు వేర్వేరు ప్రయోగాల కింద వేయడం గమనించి, రెండు చిత్రాలూ పక్కపక్కన పెట్టి ఆ జర్నల్ ఎడిటర్‌కు రాశాను. 'పరిశీలిస్తున్నాం' అని జవాబొచ్చి 14 నెలలయింది. డేటాబేస్‌లో ఆ పేపర్ ఎదురుగా ఏమీ లేదు, దాన్ని ఆధారంగా చూపే సైటేషన్లు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. ఇందులో కనబడలేదంటే పేపర్ మంచిదని అనుకోకండి.

చేత్తో వెతకడం కష్టమనిపిస్తే, రెఫరెన్సులు దాచుకునే జొటెరో సాఫ్ట్‌వేర్ వాడండి. 2019 నుంచీ అది ఈ డేటాబేస్‌తో పోల్చి చూస్తోంది. మీ లైబ్రరీలో ఏ పేపరైనా రిట్రాక్ట్ అయితే దాని మీద ఎర్ర పట్టీ వస్తుంది, సైట్ చేయబోతే హెచ్చరిస్తుంది. డీఓఐ గానీ పబ్‌మెడ్ (వైద్య పేపర్ల సూచిక) నంబరు గానీ లేని ఎంట్రీలను అది పట్టుకోలేదు, అందుకని ముందు ఆ ఖాళీలు నింపుకోండి.

మా సమీక్ష 61 ట్రయల్స్‌తోనే అచ్చయింది. ఎనిమిది నెలల తర్వాత ఒక పొద్దున జొటెరో తెరిస్తే 17వ దాని మీద ఎర్ర పట్టీ. 60తో మళ్లీ లెక్కగట్టాం, ఫలితం కాస్త బలహీనపడింది. ఎవరూ అడగకముందే కొత్త పట్టికతో జర్నల్‌కు రాశాం. మూడు వారాల్లో సవరణ నోటు వేశారు, అందులో ఆ ట్రయల్ పేరూ, తీసేసిన కారణమూ ఉన్నాయి.