పలక ఉండగా డెబ్బై ఐదు వేల ఫోన్ దేనికి?

మా తమ్ముడు హైదరాబాద్ నుంచి ఎప్పుడు మాట్లాడినా ఒకటే పాట: "అక్కా, కొంటే మంచిదే కొను. 75 వేలు పెట్టు, ఐదేండ్ల దాక మళ్ల సూడనక్కర్లేదు." పరకాలలో ఉండే మా బాపుది ఇంకో పాట: "ఇంట్ల అంత పెద్ద పలక పెట్టుకోని మళ్ల గన్ని పైసలు పోసి ఫోనేంది బిడ్డా?" ట్యాబ్‌ను ఆయన పలక అనే అంటాడు. నేనూ దాని మీద బలపంతో రాసినట్టే రాస్తాను కాబట్టి కాదనలేను.

హనుమకొండలో తొమ్మిది, పది పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్తాను. రెండేండ్ల కింద కొన్న 11 అంగుళాల ట్యాబ్ మీద పెన్నుతో రాస్తే టీవీలో పడుతుంది, వెనక కూర్చున్నోళ్లకు కూడా కనబడుతుంది. దాంతో ఏ తంటా లేదు. తంటా ఫోన్‌తో వచ్చింది. ఓ రాత్రి అప్‌డేట్ అయింది, తెల్లారి చూస్తే తెర మీద నిలువునా ఆకుపచ్చ గీత. సర్వీస్ సెంటర్‌లో డిస్‌ప్లేకు తొమ్మిది వేలు అడిగారు. ఆ ఫోన్ కొన్నదే పద్నాలుగు వేలకు!

కొత్తది తేల్చుకునే దాకా తొమ్మిది రోజులు బాపు దగ్గర మూలకు పడున్న కీప్యాడ్ ఫోన్‌లో సిమ్ వేసుకుని తిరిగాను. ట్యాబ్ ఉంది కదా, ఫోన్ అంటే మాట్లాడటానికే కదా అనుకున్నాను. మాటకు అది బంగారం. మూడు రోజులకోసారి ఛార్జింగ్ పెడితే చాలు. ఓటీపీ దాంట్లో చూసి ట్యాబ్‌లో కొట్టుకుంటే వాట్సాప్ కూడా నడిచింది.

నాలుగో రోజు వానలో చౌరస్తా దగ్గర ఆటో దిగాను. ముప్పై రూపాయలు. రెండు వందల నోటిస్తే "చిల్లర లేదక్కా, స్కాన్ కొట్టు" అన్నాడు. ఒక చేతిలో గొడుగు, భుజానికి ట్యాబ్ సంచి, ఇంకో చేతిలో మీటల ఫోన్. దేంతో కొట్టాలి? యూపీఐ యాప్ మొదలుపెట్టేటప్పుడు బ్యాంకుకు ఇచ్చిన నంబరు సిమ్ ఆ యంత్రంలోనే ఉండాలి, దాని నుంచే ఒక ఎస్సెమ్మెస్ పోవాలి. నా వైఫై ట్యాబ్‌కు సిమ్ పెట్టే సందే లేదు. చివరికి పక్క బండి మీద నలభై రూపాయల మిర్చి బజ్జీలు కొని, ఆ చిల్లరతో ఆటో కిరాయి ఇచ్చాను. కిరాయి కన్నా బజ్జీలకే ఎక్కువైంది.

మీటల ఫోన్‌లో యూపీఐ అసలే లేదని కాదు. నెట్ లేకుండా *99# కొట్టి పైసలు పంపే దారి ఉంది. ఇలాంటి ఫోన్ల కోసమే 2022 మార్చిలో వచ్చిన యూపీఐ 123పే ఉంది, 2024లో దాని పరిమితిని ఐదు వేల నుంచి పది వేలకు పెంచారు. 2023లో 999 రూపాయలకు వచ్చిన జియోభారత్ లాంటి వాటిలో క్యూఆర్ స్కాన్ కూడా ఉంది. బాపు లాంటి వాళ్లకు అది చాలు. ఒకటో తారీఖు నుంచి ఐదో తారీఖు దాకా ఫీజులు పడుతూ, స్క్రీన్‌షాట్లు వస్తూ, ఒకరికి యాభై తిరిగి పంపుతూ ఉండే నాకు చాలదు. కీప్యాడ్ ముచ్చట నాకు అక్కడితో అయిపోయింది.

సిమ్ పడే ట్యాబ్ తీసుకుని ఫోనే మానేస్తే? కొన్ని ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో మామూలు కాల్స్ కూడా పోతాయి. ఐప్యాడ్‌లో సిమ్ ఉన్నా డేటానే, మామూలు కాల్ పోదు. అయినా కూరగాయల మార్కెట్లో పలక చెవికి పెట్టుకుని నిలబడ్డ మనిషిని ఊహించుకోండి.

ఇక మిగిలింది తమ్ముడి 75 వేలా, లేక 15 నుంచి 20 వేల మధ్య ఫోనా. దుకాణంలో రెండూ పక్కపక్కన పెడితే ఖరీదైనదే మెరుస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ ట్యాబ్ ఉన్న మనిషి ఆ మెరుపులో దేనికి పైసలిస్తున్నట్టు?

తెరకా? 6.7 అంగుళాల ఫోన్ తెర వైశాల్యం సుమారు 17 చదరపు అంగుళాలు. నా ట్యాబ్‌ది సుమారు 54. మూడింతలకు పైనే. (లెక్కల టీచర్ని, ఈ మాత్రం చేయకపోతే పిల్లలు నవ్వుతారు.) ఫోన్ ఎంత ఖరీదైనదైనా జేబులో పట్టాలి కాబట్టి తెర అంతకు మించి పెరగదు. సినిమా, పీడీఎఫ్, పిల్లల జవాబు పత్రాలు ఎలాగూ ట్యాబ్‌లోనే చూస్తాను. వేగానికా? పెద్ద ఆటలు ఆడేవాళ్లకు, వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు పనికొస్తుంది. వాట్సాప్, యూపీఐ, మ్యాప్ పెట్టుకోవడానికి అంత గుర్రం అక్కర్లేదు.

తమ్ముడి అసలు వాదం ఏండ్ల మీద. ఖరీదైన వాటికే ఎక్కువ కాలం అప్‌డేట్లు వస్తాయని. ఒకప్పుడు అది నిజమే. గెలాక్సీ ఎస్24కు ఏడేండ్లు ఇస్తామన్న శాంసంగే, విడుదలప్పుడు 20 వేల అటూఇటూ ఉన్న గెలాక్సీ ఏ16 5జీకి ఆరేండ్లు ఇస్తామంది. ఒక్క ఏడాది తేడాకు యాభై ఐదు వేలా? పైగా వాడు చెప్పే నో కాస్ట్ ఈఎంఐలో నెలకు 6,250 చొప్పున ఏడాది కట్టాలి. బ్యాంకు వేసే వడ్డీని ధరలో తగ్గింపుగా సర్దినా ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మన నెత్తినే పడుతుంది, ప్రాసెసింగ్ ఫీజు వేరే.

కెమెరా దగ్గర మాత్రం తమ్ముడిదే గెలుపు. పోయిన సద్దుల బతుకమ్మకు హనుమకొండ పద్మాక్షి గుండం దగ్గర ఇద్దరం ఒకే చోట నిలబడి తీశాం. వాడి ఫోటోలో తంగేడు పూల పసుపు, గునుగు కుచ్చుల రంగులు వేరువేరుగా ఉన్నాయి, చప్పట్లు కొట్టే చేతులు చేతుల్లాగే ఉన్నాయి. నా పాత ఫోన్ ఫోటోలో చేతుల చోట పొగ. ట్యాబ్‌ను అడగనే వద్దు, దానికి ఫ్లాషే లేదు. కెమెరాలో ఓఐఎస్ అనే ఏర్పాటు ఉంటే సరిపోతుందని దుకాణంలో చెప్తారు గానీ, అది ఆపేది మన చేతి వణుకును, ఎదుట తిరిగే ఆడబిడ్డలను కాదు. వాళ్లు మసక బారకుండా రావాలంటే షట్టర్ చటుక్కున మూసుకోవాలి, ఆ చిటికెలోనే సరిపడా వెలుతురు లోపలికి రావాలి. అందుకు వెలుతురును పట్టే సెన్సర్ పెద్దది కావాలి. అది చవక ఫోన్లలో పెట్టరు.

అందుకే వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి వ్యాపారం చేసే మా బావకు నేనే ఖరీదైన ఫోన్ కొనమన్నాను. తేజ రకమైనా చపాటా రకమైనా కాయ రంగును బట్టి ధర మారుతుంది. దోసిట్లో కాయలు పట్టుకుని తీసిన ఫోటో చూసే గుంటూరులో అవతలి మనిషి బేరం మొదలుపెడతాడు. ఎరుపు ఒక పిసరు నల్లబడి కనబడినా క్వింటాల్‌కు దెబ్బే. ఆయనకు ట్యాబే అక్కర్లేదు.

నాకు? ఏడాదికి ఒక రాత్రి కోసం యాభై ఏడు వేలు ఎక్కువ పెట్టలేను. పద్దెనిమిది వేలది తీసుకున్నాను. అయితే చవకదే కదా అని కళ్లు మూసుకుని కొనలేదు. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉన్నా పరకాల పోతే ట్యాబ్‌కు నెట్ ఈ ఫోన్ హాట్‌స్పాట్ నుంచే రావాలి, కాబట్టి 5000 ఎంఏహెచ్‌కు తక్కువ బ్యాటరీ వద్దనుకున్నాను. స్టోరేజ్ 128 జీబీ. అప్‌డేట్లు ఎన్నేండ్లో డబ్బా మీద కాదు, కంపెనీ సైట్‌లో చూశాను. ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ వరంగల్‌లోనే ఉందా, డిస్‌ప్లే మారిస్తే ఎంత అని ముందే అడిగాను. ఆకుపచ్చ గీత నేర్పిన బుద్ధి. సిగ్నల్ గురించి మాత్రం ఆలోచించలేదు. మేడారం జాతరలో జనం మధ్య నిలబడితే లక్ష రూపాయల ఫోనూ మూగదే, నాదీ మూగదే.

బాపు దాన్ని అటూఇటూ తిప్పి చూసి "ఇది సుత చిన్న పలకనే గదా" అన్నాడు. తమ్ముడు ఇంకా మొహం మాడ్చుకునే ఉన్నాడు. అయినా వచ్చే సద్దుల బతుకమ్మకు సెలవు పెట్టి రమ్మని, ఫోన్ నిండా ఛార్జింగ్ పెట్టుకుని రమ్మని వాడికి ఇప్పటి నుంచే చెప్పి పెట్టాను.