ఒక్క ఆరంభ స్థానమా, వేల స్థానాలా: డీఎన్‌ఏ నకలుకు ఏది మేలు?

కణం రెండుగా చీలాలంటే ముందు తన డీఎన్‌ఏ మొత్తానికీ నకలు తీయాలి. రెండు పోచలు విడిపోతాయి, ఒక్కో పాత పోచను ఆనుకుని ఒక్కో కొత్త పోచ తయారవుతుంది. 1958లో మెసెల్సన్, స్టాల్ అనే శాస్త్రవేత్తలు ఈ.కోలై బాక్టీరియాలో ఈ సంగతి తేల్చారు. ఇంతవరకు బాక్టీరియాకైనా మనిషికైనా పద్ధతి ఒకటే. తేడా వచ్చేది పని ఎన్ని చోట్ల మొదలవుతుంది, ఎక్కడ ముగుస్తుంది అన్న దగ్గర.

ఈ.కోలైకి ఉన్నది ఒకే గుండ్రటి క్రోమోజోమ్, సుమారు 46 లక్షల క్షార జంటలు (క్షారాలంటే డీఎన్‌ఏ అక్షరాలు, రెండు పోచల్లో ఎదురెదురుగా జతపడి ఉంటాయి). నకలు మొదలయ్యేది ఒక్క చోటే. అక్కణ్నుంచి రెండు ఫోర్కులు, అంటే పోచలు విడిపోతూ నకలు సాగే చోట్లు, చెరోవైపూ బయల్దేరి వలయానికి అవతలి పక్క కలుసుకుంటాయి. ఒక్కోటి సెకనుకు దాదాపు 1000 క్షారాలు దాటుతుంది కాబట్టి 40 నిమిషాల్లో పని అయిపోతుంది. మరి ఆహారం బాగా దొరికినప్పుడు ఈ కణం 20 నిమిషాలకోసారి ఎలా చీలగలుగుతోంది? మొదటి నకలు పూర్తి కాకముందే, కొత్తగా ఏర్పడిన ఆరంభ స్థానాల దగ్గర రెండో విడత మొదలుపెట్టేస్తుంది. అంటే అప్పుడే పుట్టిన కణంలో దాని పిల్లలకు కావలసిన నకలు అప్పటికే సగంలో ఉంటుంది! జీవశాస్త్రంలో నాకు ఇంతకన్నా అందమైన ఏర్పాటు కనిపించలేదు.

ఇదే పద్ధతిని మనిషి కణంలో పెట్టి చూద్దాం. మన డీఎన్‌ఏ హిస్టోన్ ప్రోటీన్లకు చుట్టుకుని ఉంటుంది. దాన్ని విప్పుతూ, వెనకాలే మళ్లీ చుట్టుకుంటూ పోవాలి. అందుకే ఫోర్కు వేగం సెకనుకు ఓ 50 క్షారాలే. ఒకటో నంబరు క్రోమోజోమ్‌లో దాదాపు 25 కోట్ల జంటలున్నాయి. నడిమధ్య ఒకే చోట మొదలుపెట్టి రెండు ఫోర్కులతో లాగితే దాదాపు 29 రోజులు పడుతుంది. నిజానికి మన కణం 46 క్రోమోజోములనూ సుమారు 8 గంటల్లో ముగిస్తుంది. ఎందుకంటే అది పదుల వేల చోట్ల మొదలుపెడుతుంది.

ఇన్ని చోట్ల మొదలుపెట్టడంలో ప్రమాదం ఉంది. ఏ ముక్కకూ రెండోసారి నకలు పడకూడదు, ఏ ముక్కా మిగిలిపోకూడదు. దీనికి కణం పెట్టుకున్న కట్టుబాటు చాలా గట్టిది. పోచలను విడదీసే ఎంసీఎం అనే ప్రోటీన్ సముదాయాన్ని డీఎన్‌ఏ మీదకు నకలుకు ముందుండే జీ1 దశలోనే ఎక్కిస్తుంది. నకలు మొదలయ్యాక కొత్తగా ఎక్కనివ్వదు. ఎక్కించినవి కూడా అవసరానికి మించి ఎక్కిస్తుంది. చాలావాటికి మామూలుగా పనే పడదు. ఎక్కడైనా ఫోర్కు ఆగిపోతే, పక్కన ఊరకే ఉన్న స్థానం మేల్కొని మిగతా పని అందుకుంటుంది. ఈ వెసులుబాటు ఈ.కోలైకి లేదు. ఆగిన ఫోర్కును అది ఎలాగైనా మళ్లీ కదిలించుకోవాల్సిందే.

వలయానికి కొస లేదు కాబట్టి ఓ పెద్ద చిక్కు తప్పింది. మనకున్నట్టు రెండు కొసలుండే పొడుగు క్రోమోజోమ్‌కు చివర ప్రతి నకలుకూ కాస్త అరుగుతుంది. ఒలొవ్నికోవ్ 1971లో, వాట్సన్ 1972లో ఈ చిక్కును ఎత్తి చూపారు. మన కొసల్లో టీటీఏజీజీజీ వరస వేలసార్లు పేర్చి ఉంటుంది. ఈ కొస భాగాన్నే టీలోమియర్ అంటారు, అరిగేది అదే. దాన్ని తిరిగి పొడిగించే టీలోమరేజ్ అనే ఎంజైమ్‌ను కనిపెట్టినది గ్రైడర్, బ్లాక్‌బర్న్. అయితే మన శరీర కణాల్లో చాలావాటిలో ఆ ఎంజైమ్ దాదాపు పనిచేయదు.

వలయానికీ దాని బాధలు దానికున్నాయి. నకలు పూర్తయ్యేసరికి రెండు వలయాలు గొలుసు కొక్కేల్లా ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. టోపోఐసోమరేజ్ అనే ఎంజైమ్ ఒకదాన్ని కోసి, రెండోదాన్ని అందులోంచి దాటించి, మళ్లీ అతికిస్తేగానీ విడిపోవు. రెండు వలయాలు బేసిసార్లు ముక్కలు మార్చుకుంటే కలిసి ఒకే పెద్ద వలయమైపోతాయి. పొడుగు క్రోమోజోములకు ఆ భయం లేదు. తల్లి వంతు, తండ్రి వంతు ముక్కలు మార్చుకున్నాక కూడా దేనికది విడివిడిగా మిగులుతుంది.

వలయమంటే ఒకే ఆరంభం అనుకోనక్కర్లేదు. సల్ఫోలోబస్ అనే ఆర్కియా (బాక్టీరియాలా కనిపించే వేరే కోవ సూక్ష్మజీవి) వలయంలో మూడు చోట్ల మొదలవుతుంది. స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియా క్రోమోజోమ్ పొడుగ్గా ఉన్నా, ఆరంభ స్థానం నడుమ ఒక్కటే. కాబట్టి నన్నడిగితే ఆకారం కన్నా ఆరంభ స్థానాల సంఖ్యే ముఖ్యం. డీఎన్‌ఏ కొన్ని లక్షల జంటలకే పరిమితమై, త్వరగా చీలడమే కావాలంటే ఒక్క స్థానం చాలు. వందల కోట్లకు పెరిగితే మాత్రం, కొసల అరుగుదలను భరించి అయినా, వేల స్థానాల పద్ధతికే నా ఓటు.