ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీకి వ్యక్తిగత ఫిర్యాదు: సేవ ఎలా ఉంది?

జెనీవాలోని ఈ కమిటీకి ఫిర్యాదు చేయడానికి ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. అయితే ఫిర్యాదు ఏ దేశం మీదో ఆ దేశం పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికతో పాటు దాని మొదటి ఐచ్ఛిక ప్రోటోకాల్‌నూ (వ్యక్తుల ఫిర్యాదులకు వీలు కల్పించే అదనపు ఒప్పందం) ఆమోదించి ఉండాలి. ముందు ఇది చూసుకోండి.

ఫిర్యాదులు తరచూ వీగిపోయేది ఒకచోట: స్వదేశంలో పై కోర్టు దాకా వెళ్లకపోవడం. అక్కడ లేవనెత్తని వాదనను ఇక్కడ కొత్తగా ఎత్తుకున్నా చెల్లదు. కాబట్టి తీర్పుల నకళ్లు, ఘటనల తేదీల వరుస, ఒడంబడికలోని ఏ అధికరణ ఎలా ఉల్లంఘనకు గురైందో స్పష్టంగా జత చేయాలి. పేరు లేని ఫిర్యాదు తీసుకోరు. చివరి తీర్పు వచ్చి 5 ఏళ్లు దాటితే ఆలస్యానికి గట్టి కారణం చూపాలి.

ఈ సేవలో అత్యంత విలువైనది తాత్కాలిక రక్షణ. ఉరిశిక్షో, చిత్రహింసలున్న దేశానికి పంపేయడమో ఎదురుగా ఉంటే, విచారణ ముగిసేదాకా ఆపమని కమిటీ ప్రభుత్వాన్ని కోరుతుంది. ప్రాణాలు నిలిపే ఏర్పాటిది.

లోపం వేగంలో ఉంది. ప్రభుత్వం జవాబుకే 6 నెలల గడువు. 18 మంది సభ్యులూ పూర్తికాల ఉద్యోగులు కారు, సచివాలయంలో సిబ్బంది చాలరు. ఫలితం రావడానికి ఏళ్లు పడుతుంది. వచ్చాకా దాన్ని అమలు చేయించే బలం కమిటీకి లేదు.

సంస్కరణ ఇక్కడే మొదలవ్వాలి: సిబ్బందికి స్థిరమైన నిధులు, కమిటీ నిర్ణయం ఆధారంగా కేసు తిరిగి తెరిచేలా ప్రతి దేశంలో చట్టం.