ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండుతో ఐదేళ్లు

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దగ్గర పెళ్లి వీడియోల మిక్సింగ్ నా జీవనాధారం. షాపులో ఒక మూల, విండోస్‌కు బదులు ఉబుంటు అనే లినక్స్ వేసిన పాత ల్యాప్‌టాప్ ఒకటి ఉంటుంది. దాని టెర్మినల్‌లో, అంటే కమాండులు టైపు చేసే తెరలో, ఎల్‌ఎస్‌బీఎల్‌కే అని కొట్టి, కాస్త ఎడం వదిలి, హైఫన్‌తో కలిపి ఎఫ్ అక్షరం పెడితే, తగిలించిన డిస్కులన్నీ పార్టిషన్లతో (వాటిలోని భాగాలతో) సహా వరుసగా కనబడతాయి. అందులో ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) పేరు చూపే ఎఫ్‌ఎస్‌టైప్ అనే గడి మీద నాకున్న మమకారమే ఈ సమీక్ష రాయిస్తోంది.

రెండేళ్ల కిందట మాఘమాసపు పెళ్లిళ్ల రద్దీలో ఆమదాలవలస నుంచి ఒక కుర్రవాడు ఒక టెరాబైటు హార్డ్ డిస్కు తెచ్చాడు. వాళ్ల అక్క పెళ్లి ఫుటేజీ అంతా అందులోనే ఉంది. కెమెరా కార్డులు అప్పటికే తుడిచి వేరే పెళ్లికి వాడేశారు. షాపులోని విండోస్ కంప్యూటరుకు తగిలించగానే, డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలన్న సందేశం తెర మీదకు వచ్చింది. ప్రాపర్టీస్ తెరిస్తే ఫైల్ సిస్టమ్ ఎదురుగా ‘రా’ అని, అంటే విండోస్‌కు అర్థం కానిదని, ఉంది. వాడిన జాగా సున్నా, ఖాళీ జాగా కూడా సున్నా. అంతకుముందు చూపించిన చోట డిస్కు పోయిందని, ఫార్మాట్ చేసి రికవరీ సాఫ్ట్‌వేర్ నడపడం తప్ప దారి లేదని చెప్పారట. “అన్నయ్యా, ఎలాగైనా అక్క పెళ్లి పోనీయకండి” అంటూ నిలబడిపోయాడు.

ఆ సందేశాన్ని రద్దు చేసి, డిస్కును ఉబుంటు ల్యాప్‌టాప్‌కు తగిలించి కమాండు కొట్టాను. ఎఫ్‌ఎస్‌టైప్ గడిలో లినక్స్ వాడే ఫైల్ సిస్టమ్ పేరు ‘ఈఎక్స్‌టీ4’ అని స్పష్టంగా ఉంది. డిస్కుకు ఏమీ కాలేదు. ఇంజినీరింగ్ చదువుతున్న వాళ్ల పెదనాన్నగారి అబ్బాయి తన లినక్స్ కంప్యూటరులో ఆ డిస్కును ఫార్మాట్ చేసి, ఆ తర్వాత ఫుటేజీ ఎక్కించి ఇచ్చాడు. విండోస్ తనంతట తాను ఈఎక్స్‌టీ4ను చదవలేదు. తనకు తెలియని డిస్కు కనబడితే తెలియదని చెప్పి ఊరుకోకుండా ఫార్మాట్ బటన్ ముందుకు తోయడం నాకు ఈనాటికీ మింగుడుపడదు. ఆ రాత్రే ఫుటేజీ మొత్తం, విండోస్ చదవగల ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కులోకి కాపీ చేసి ఇచ్చాను.

ఈ కమాండు చెప్పే పేరు మీద నాకు నమ్మకం ఉండడానికి కారణం ఉంది. పాత పద్ధతి పార్టిషన్ పట్టికలో ఎన్‌టీఎఫ్‌ఎస్‌కూ, ఎక్స్‌ఫ్యాట్ అనే మరో ఫైల్ సిస్టమ్‌కూ 07 అనే ఒకే సంఖ్య వాడతారు కాబట్టి, ఆ పట్టికను చూపే ఎఫ్‌డిస్క్ కమాండు ఆ రెండింటి పేర్లూ కలిపి చూపి ఊరుకుంటుంది. ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో కనబడే పేరు పార్టిషన్ లోపలి గుర్తును చదివి చెప్పినది: ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే మొదటి సెక్టారులోనే (మొదటి చిన్న ముక్కలోనే) దాని పేరు రాసి ఉంటుంది, ఈఎక్స్‌టీ4 అయితే 1080వ బైటు దగ్గర దాని గుర్తు ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇది డిస్కు మీద ఏమీ రాయదు. డిస్కుల జాగా చూపే డీఎఫ్ కమాండును వదిలేయడానికి కారణం వేరు: ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కును నా ల్యాప్‌టాప్‌లో అది ‘ఫ్యూజ్‌బ్లాక్’ అని చూపేది, ఆ పేరుతో నాకు పని జరగలేదు.

తొలి రోజుల్లో ఈ ఒక్క కమాండు చాలని తోటి స్టూడియోల వారందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట అలాగే అనలేను. అరసవల్లి రథసప్తమి ఫుటేజీ ఉన్న పెన్‌డ్రైవ్‌ను ఎవరో కాపీ మధ్యలో లాగేసి నా దగ్గరకు తెచ్చారు. ఎఫ్‌ఎస్‌టైప్ గడి ఖాళీగా కనబడితే, లోపల ఏమీ లేదని చెప్పి పంపేశాను. అది నా తప్పు. ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఎన్‌టీఎఫ్‌ఎస్ తన బూట్ సెక్టారు (ఆ మొదటి సెక్టారు) నకలును పార్టిషన్ చివరి సెక్టారులో ఉంచుకుంటుంది. మొదటిది చెడినా రెండోది మిగలవచ్చు. మరొకరు టెస్ట్‌డిస్క్ అనే రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఆ నకలును ముందుకు తెచ్చి ఫైళ్లన్నీ తెరిచారు. గడి ఖాళీగా ఉంటే గుర్తు దొరకలేదని మాత్రమే అర్థమని ఆ రోజు తెలుసుకున్నాను. విండోస్‌లోని బిట్‌లాకర్‌తో తాళం వేసిన డిస్కుకు కూడా తాళం పేరే కనబడుతుంది, లోపలి ఫైల్ సిస్టమ్ పేరు కనబడదు.

విండోస్ ఒక్కటే ఉన్నవారికి, వచ్చేవన్నీ కెమెరా కార్డులూ పెన్‌డ్రైవ్‌లే అయితే, డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడడమే సరిపోవచ్చు; ఫ్యాట్32 అని ఉంటే 4 గిగాబైట్లు దాటిన ఫైలు అందులోకి ఎక్కదని అక్కడే తేలిపోతుంది. నాకు ఖాళీగా ఉన్న ల్యాప్‌టాప్ ఉంది, టెర్మినల్ అలవాటు ఉంది, ఎవరెవరో ఫార్మాట్ చేసిన డిస్కులు వస్తుంటాయి. అందుకే ఇది నాకు ఇంతగా నచ్చింది. ఈ మధ్య డిస్కు తీసుకోగానే కమాండు కొట్టి, ఆ గడిలో ఉన్న పేరును, ఏమీ లేకపోతే ‘గుర్తు దొరకలేదు’ అన్న మాటను రసీదు మీద రాసి, వారి ముందే సంతకం పెట్టి ఇస్తున్నాను.