టికెట్ మెషిన్ ఉన్న గ్యూదోన్ హోటల్: బీఫ్ తిననివాళ్ళ కోసం నా రివ్యూ

టోక్యోలో నిషికసాయి వైపు ఉంటున్నా, ఆఫీసుకెళ్ళే ముందు టిఫిన్ చాలాసార్లు ఒక గ్యూదోన్ చైన్‌లోనే కానిచ్చేస్తా. గ్యూదోన్ అంటే అన్నం మీద బీఫ్, నేనేమో బీఫ్ తినను, అయినా వెళ్తున్నానంటే గుమ్మం పక్కనుండే టికెట్ మెషిన్ కోసమే. కొత్తగా వచ్చినప్పుడు జపనీస్ ఒక్క ముక్క రాదు, అలాంటప్పుడు బొమ్మ నొక్కి సుయికా కార్డు (రైళ్ళకి, కొట్లల్లో వాడే ప్రీపెయిడ్ కార్డు) పెడితే టికెట్ చేతికొచ్చేయడం, టీవీలో నంబర్ పడగానే ట్రే తెచ్చేసుకోవడం, నిజంగా ప్రాణానికి హాయిగా ఉండేది. కాల్చిన సాల్మన్, పొగలొచ్చే అన్నం, మిసో సూప్ (పులియబెట్టిన సోయా ముద్దతో చేసే సూప్), ఇప్పటికీ నాకు అదే. 2024 జులైలో కొత్త నోట్లొచ్చాక కొన్నాళ్ళు చాలాచోట్ల మెషిన్లు వాటిని వెనక్కి తోసేసేవి గానీ కార్డు ఉండబట్టి నాకు ఇబ్బంది కాలేదు.

విజయవాడ నుంచి అమ్మానాన్న వచ్చినప్పుడు మాత్రం ఈ మెషిన్ మీద కోపమొచ్చింది. నాన్న చేప, కోడి తింటారు, బీఫ్ ముట్టరు. అమ్మ గుడ్డు కూడా తినదు. స్క్రీన్ మీద కర్రీ బొమ్మ చూసి నాన్న "ఇందులో ముక్కలేం కనపడట్లేదు కదరా, ఇది చెప్పు" అన్నారు. ఇంగ్లీష్ పేజీలో చూస్తే ఫోటో, ధర, కేలరీలు, అంతే, లోపల ఏం వేశారో ఎక్కడా లేదు. ఇక్కడ కర్రీ చేయడానికి వాడే రెడీమేడ్ మసాలా ముద్దల్లో బీఫ్ కొవ్వు వాడటం మామూలే, అందుకని కౌంటర్ దగ్గరికెళ్ళి కర్రీ బొమ్మ చూపించి "గ్యూనికు?", అంటే బీఫా అని అడిగా.

అక్కడున్న కుర్రాడికి ఇంగ్లీష్ రాదు. లోపలికెళ్ళి ఏ వంటలో ఏముందో చూపించే టేబుల్ ఉన్న, ప్లాస్టిక్ కవర్లేసిన ఒక ఫైలు పట్టుకొచ్చి, కర్రీ వరుస మీద వేలు పెట్టి మెల్లగా జరుపుకుంటూ పోయి గ్యూనికు గడి దగ్గర ఆపాడు, అక్కడ నల్ల చుక్క ఉంది, అంటే బీఫ్ ఉందన్నమాట. అంతటితో వదిలేస్తాడనుకున్నా, లేదు, సాల్మన్ వరుస చూపించి నాన్నకి ఇది పర్లేదన్నట్టు తలూపాడు. అమ్మని చూపించి "సకానా దామే", అంటే చేప కూడా వద్దు అన్నానో లేదో, మిసో సూప్ బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టేశాడు, ఎందుకంటే అందులో దాషి ఉంటుంది, అది ఎండుచేపతో కాచేది. నా వెనక లైన్ పెరిగిపోతున్నా ఆ పిల్లాడి మొహంలో విసుగన్నది లేదు.

ఇక్కడ ప్యాకెట్ ఫుడ్ మీద అలర్జీ తెచ్చే గుడ్లు, పాలు, గోధుమ, రొయ్యలు లాంటివి తప్పనిసరిగా రాయాలి, బీఫ్ మాత్రం రాస్తే మంచిది అనే లిస్టులోనే ఉంది. హోటళ్ళకైతే ఆ రూలు కూడా లేదు, చైన్లు తమంతట తాము పెడుతున్నాయి, అందుకు సంతోషమే. కానీ ఆ ఫైల్లో ఉన్న టేబులే స్క్రీన్ మీద ఒక బటన్ కింద పెట్టొచ్చు కదా? మాట్లాడే పని లేదని ఇన్నాళ్ళు మెచ్చుకున్నా, తిండి విషయంలో పట్టింపులున్నవాళ్ళకి మాట్లాడక తప్పదు మరి.

నాలాగా ఒంటరిగా ఉండి చేప, గుడ్డు తినేవాళ్ళయితే పొద్దున్నపూట హాయిగా వెళ్ళండి. పూర్తి వెజ్ వాళ్ళని తీసుకెళ్ళాలంటే నేను మాత్రం వెళ్ళమని చెప్పను, అమ్మకి ఆ రోజు తెల్లన్నం, సలాడ్ తప్ప ఏమీ దొరకలేదు. నిషికసాయిలో ఇండియన్ హోటళ్ళకి కొదవ లేదు, రాత్రికి వాళ్ళని అటే తీసుకెళ్ళా.