త్రీ నాట్ త్రీ కర్రకి పచ్చి అవిసె నూనె: కొనొచ్చా?

త్రీ నాట్ త్రీ అని పిలిచే లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ కర్రకి, అంటే దాని చెక్క భాగాలకి, పూయడానికి అవిసె నూనె రెండు రకాలుగా దొరుకుతుంది: గానుగలో ఆడించిన పచ్చి నూనె, పెయింట్ షాపుల్లో అమ్మే డబుల్ బాయిల్డ్. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన నంబర్ 1 మార్క్ 3 మోడల్‌కి మా ఓటు పచ్చి నూనెకే. బ్రిటిష్ సైన్యం వాడిందీ అదే. బాయిల్డ్‌లో త్వరగా ఆరడానికి కోబాల్టు, మాంగనీసు లవణాలు కలుపుతారు. అందుకే అది పైపైనే గట్టిపడుతుంది, చెక్కలోకి అంతగా దిగదు. పచ్చి నూనె ఆరడానికి రోజులు పడుతుంది, ముసురులో అయితే వారాలు. అంత ఓపిక లేనివాళ్లు కొనకపోవడమే మంచిది. అడుగున మడ్డి ఉంటే కదపకుండా పైతేట మాత్రం వంపుకోవాలి.

చాలా కర్రలు విప్పేటప్పుడే పాడవుతాయి. తుపాకీ ఖాళీగా ఉందని చూసుకున్నాక ముందు ఫోరెండ్ (బారెల్ కింద ఉండే ముందు చెక్క) తీయాలి, తర్వాతే బట్‌ని (భుజానికి ఆనే వెనక చెక్క) పట్టి ఉంచే బోల్టు తిప్పాలి. ఆ బోల్టు చివర నలుపలకలుగా ఉండి ఫోరెండ్ వెనక రేకులో ఇరుక్కుని ఉంటుంది. ఫోరెండ్ ఉండగానే తిప్పితే చెక్క చీలిపోతుంది.

పాత జిడ్డుకి మినరల్ టర్పెంటైన్‌తో తడిపిన గుడ్డ చాలు. గరుకు కాగితం జోలికి వెళ్లొద్దు, ఫ్యాక్టరీ ముద్రలు అరిగిపోతాయి. సొట్ట మీద తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె ఆనిస్తే నొక్కుకుపోయిన పీచు ఆవిరికి ఉబ్బి పైకి లేస్తుంది. తెగిన పీచు మాత్రం లేవదు.

మొదటి పూతకి నూనె, టర్పెంటైన్ సమపాళ్లు. ఆ తర్వాత నూనె ఒక్కటే. అరచెయ్యి వేడెక్కేలా రుద్ది, అరగంటయ్యాక మిగిలింది తుడిచేయాలి. తుడవకపోతే బంకలా మిగిలి దుమ్ము పట్టేస్తుంది. వారం పాటు రోజూ, నెల పాటు వారానికోసారి, ఏడాది పాటు నెలకోసారి, ఆపైన ఏడాదికోసారి అన్నది పాత లెక్క. చెక్కలో బారెల్ కూర్చునే గాడి, బట్‌ప్లేట్ (బట్ చివరి లోహపు పలక) కింద ఉండే చెక్క కొస, రిసీవర్ (బోల్టు కదిలే లోహపు భాగం) వెనక ఫోరెండ్ ఆనే చోటు మరవొద్దు. పేల్చినప్పుడు తుపాకీ వెనక్కి తన్నే దెబ్బ (రీకాయిల్) ఆ ఆనే చోటే తింటుంది. అక్కడ చెక్క ఎండి కుంచించుకుపోతే సందు పడి, పేల్చినప్పుడల్లా దెబ్బ తగిలి పగులుతుంది.

లోపాలూ ఉన్నాయి. ఈ నూనె నీటిని పూర్తిగా ఆపదు, విశాఖ లాంటి తేమ ఊళ్లలో బూజు పట్టొచ్చు. అయితే వార్నిష్‌లా పెచ్చులూడదు. గీత పడితే రెండు చుక్కలు రుద్దితే కలిసిపోతుంది.

నూనె గుడ్డల్ని ఉండచుట్టి పడేయొద్దు. నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, ఆ వేడి పోయే దారి లేక గుడ్డలు వాటంతట అవే అంటుకుంటాయి. విప్పి ఆరుబయట పరవాలి, లేదా నీళ్లున్న డబ్బాలో ముంచి పెట్టాలి.