లినక్స్‌లో ఫ్యాన్ కంట్రోలర్: కర్వ్ ఎక్కడుందన్నదే అసలు సంగతి

ఎన్ని ఫ్యాన్లు తగిలించవచ్చు, ఎన్ని వాట్లు మోస్తుంది లాంటివి పెట్టె మీదే ఉంటాయి, వదిలేస్తున్నా. చాలాకాలంగా వాడుతున్న ఈ యూఎస్‌బీ ఫ్యాన్ కంట్రోలర్ (పీసీ ఫ్యాన్ల వేగాన్ని నడిపే చిన్న పరికరం) గురించి నేను గట్టిగా చెప్పగలిగేది ఒక్కటే: ఫ్యాన్ కర్వ్‌ను, అంటే ఎంత వేడికి ఎంత వేగం అనే పట్టికను, ఇది తన చిప్‌లోనే పెట్టుకుంటుంది. ఏ ప్రోబ్ (వేడి కొలిచే తీగ) ఎన్ని డిగ్రీలు చూపిస్తే ఏ ఫ్యాన్ ఎంత వేగంతో తిరగాలో లిక్విడ్‌సీటీఎల్ అనే టూల్‌తో ఒక కమాండ్ ఇచ్చి రాసేస్తే చాలు, ఆ తర్వాత లెక్కంతా అదే చూసుకుంటుంది. లినక్స్ హ్యాంగై పడి ఉన్నా దానికి పట్టదు. తయారీదారు సాఫ్ట్‌వేర్ లినక్స్‌కు రాదు. దాని మొహం చూడాల్సిన పని ఇంతవరకూ పడలేదు.

ఈ గుణం విలువ కొన్న కొత్తలో తెలియలేదు. లినక్స్ మూల భాగమైన కెర్నల్‌లో దీనికి డ్రైవర్ ఉంది కాబట్టి చాలామందిలాగే సెన్సర్లను చదివే ఎల్ఎం-సెన్సర్స్ ప్యాకేజీతో వచ్చే ఫ్యాన్‌కంట్రోల్ స్క్రిప్టు పెట్టుకున్నాను. బూట్ అవగానే లిక్విడ్‌సీటీఎల్ కర్వ్ రాస్తుంది. తర్వాత ఫ్యాన్‌కంట్రోల్ వచ్చి వెనక ఫ్యాన్ పగ్గాలు తీసుకుని, ప్రాసెసర్ వేడిని బట్టి దాన్ని నడుపుతుంది. కర్వ్ కేవలం ముందుజాగ్రత్త అనుకున్నా.

తర్వాత ఓసారి ఇంకో ఎన్‌వీఎంఈ డ్రైవు (వేగమైన ఎస్ఎస్‌డీ) బిగించాను. ఫ్యాన్‌కంట్రోల్ ఫైల్లో సెన్సర్లు కెర్నల్ ఇచ్చే హెచ్‌డబ్ల్యూమాన్2, హెచ్‌డబ్ల్యూమాన్4 అని నంబర్లతో ఉంటాయి. బూట్‌లో ఏ డ్రైవర్ ముందు లేస్తే దానికి ముందు నంబరు. అంతే తప్ప ఆ నంబర్లు ఎవరికీ రాసిచ్చినవి కావు. 5.5 కెర్నల్ నుంచి ఎన్‌వీఎంఈ డ్రైవులూ తమ ఉష్ణోగ్రతను ఈ హెచ్‌డబ్ల్యూమాన్ జాబితాలోనే చూపిస్తున్నాయి. కొత్త డ్రైవు వరసలో దూరేసరికి మిగతావి పక్కకు జరిగాయి. స్క్రిప్టు మొదలవుతూనే పేర్లు సరిచూసుకుంది, కాన్ఫిగరేషన్ పాతబడినట్టుంది, పీడబ్ల్యూఎంకాన్ఫిగ్ (ఆ ఫైలు తయారుచేసే స్క్రిప్టు) మళ్లీ నడపండి అని లాగ్‌లో ఓ ముక్క రాసి ఆగిపోయింది. ఆగినందుకు దాన్ని తప్పుపట్టను. ఆగకపోతే డ్రైవు వేడినే ప్రాసెసర్ వేడి అనుకుని ఫ్యాన్ నడిపేది. నా కోపమల్లా నంబర్లను నమ్ముకున్న ఆ పద్ధతి మీదే.

ఆ సర్వీసు చచ్చిపోయిందని నాకు చాలా రోజుల దాకా తెలియనే తెలియదు. ఇంకేదో వెతుకుతూ సిస్టమ్‌సీటీఎల్‌తో సర్వీసుల జాబితా తీస్తే ఎర్ర అక్షరాల్లో కనిపించింది. ఈలోపు గంటలకొద్దీ వీడియో ఎన్‌కోడింగ్ చేశాను, కెర్నల్ కంపైల్ చేశాను. ఎక్కడా తేడా రాలేదు. వెనక ఫ్యాన్ కంట్రోలర్ చిప్‌లోని కర్వ్ ప్రకారం తన మానాన తాను తిరుగుతోంది. నిజం చెప్పాలంటే మునుపటికన్నా నెమ్మదిగా, చప్పుడు లేకుండా. ప్రాసెసర్ సెన్సర్ బ్రౌజర్‌లో ఓ ట్యాబ్ తెరిచినా ఉలిక్కిపడుతుంది, దాన్ని చూసి ఫ్యాన్ కూడా గయ్యిమంటుంది. క్యాబినెట్‌లో గాలి దారిలో వేలాడే ప్రోబ్‌కి ఆ కంగారు లేదు. ఆ రోజే ఫ్యాన్‌కంట్రోల్‌ను తీసేశాను.

చిప్‌లోనే పెట్టుకుంటుంది అన్నాను కదా, అది కరెంటు ఉన్నంతసేపే. పూర్తిగా ఆపి మళ్లీ వేస్తే మరిచిపోతుంది, అందుకే బూట్‌లో రాయించడం. ఆ సంగతి డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. విసిగించింది మాత్రం స్లీప్. ఎస్3 సస్పెండ్‌లో (ర్యామ్‌ను మాత్రం మేల్కొని ఉంచే నిద్ర) పవర్ సప్లై 12 వోల్టుల లైన్‌నూ ప్రధాన 5 వోల్టుల లైన్‌నూ ఆపేసి స్టాండ్‌బై లైన్ ఒక్కదాన్నే ఉంచుతుంది. కంట్రోలర్‌కి కరెంటు వచ్చేది సాటా పవర్ నుంచి, అంటే ఆగిపోయే ఆ లైన్ల నుంచే. కాబట్టి పీసీ మేలుకునేసరికి కర్వ్ ఉండదు, ఫ్యాన్లన్నీ డీఫాల్ట్ వేగంతో హోరెత్తుతుంటాయి. నిద్రకు ముందూ తర్వాతా నడిచే స్క్రిప్టులుండే సిస్టమ్-స్లీప్ ఫోల్డర్‌లో చిన్న స్క్రిప్టు పెడితే సర్దుకుంది, అదీ కొన్ని సెకన్లు ఆగి కమాండ్ పంపేలా రాస్తేనే. లేచీలేవగానే పంపితే యూఎస్‌బీలో పరికరం ఇంకా కనబడదు.

ప్రోబ్ నెమ్మది కూడా అన్నివేళలా సుగుణమేం కాదు. ప్రాసెసర్ ఒక్కసారిగా వేడెక్కితే క్యాబినెట్ గాలికి ఆ కబురు ఆలస్యంగా అందుతుంది. నా ప్రాసెసర్ కూలర్‌ను మదర్‌బోర్డు మీది ఫ్యాన్ హెడర్‌కే (ఫ్యాన్ తగిలించే పిన్నులు) వదిలేశాను, అక్కడ బయోస్ చూసుకుంటుంది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు వేడి రెండూ కలిపి చూసి ఫ్యాన్లు నడపాలనుకునేవాళ్లకు కూలర్‌కంట్రోల్ అనే ప్రోగ్రామ్ ఉంది. స్లీప్ నుంచి లేచాక సెట్టింగులు మళ్లీ పంపే ఆప్షన్ కూడా అందులో ఉంది. మూడు కర్వ్‌ల కోసం వెనకాల ఎప్పుడూ నడిచే ఇంకో ప్రోగ్రామ్ (డీమన్) ఎందుకని నేను పెట్టుకోలేదు.

ఇదంతా గాలితో చల్లబడే, ఎక్కువసేపు ఆన్‌లోనే ఉండే డెస్క్‌టాప్ మీద అనుభవం. దీనికి తగిలించినవి క్యాబినెట్ ఫ్యాన్లే. వాటర్ కూలింగ్ పంపు దీని చేతిలో ఉండి ఉంటే ఇంత ధీమాగా రాసేవాణ్ణి కాదేమో. కర్వ్‌ను శాశ్వతంగా దాచుకునే కంట్రోలర్లూ ఉన్నాయి. కొనేముందు లిక్విడ్‌సీటీఎల్‌లో ఆ మోడల్ గురించి ఏం రాశారో చదువుకోండి. నాది పాడైతే, కెర్నల్ డ్రైవర్ ఉండి కరెంటు పోయినా కర్వ్ మరవని దానికోసం ముందు వెతుకుతా. దొరక్కపోతే మళ్లీ ఇదే.